తెర ఎక్కడుంది?

కిందటి ఉగాదికి ముందు, ఘంటసాల పాటలు బాగా వినిపించాలని నాన్నగారిని వెంటబెట్టుకుని బెంగుళూరులో ఖరీదైన స్పీకర్ల దుకాణానికి వెళ్లాను.

"సెకనుకు 40,000 ప్రకంపనల దాకా పలుకుతుంది. తెర తీసినట్టుంటుంది సార్!" అంటూ కంపెనీ కరపత్రం చదివాడు కుర్రాడు. మనిషి చెవికి అందేది మహా అయితే 20,000. వయసు మళ్లేకొద్దీ కీచుశబ్దాలే ముందు వినబడకుండా పోతాయి.

వైరు మారిస్తే గొంతు ఇంకా తియ్యనవుతుందట! "ఏ వైరో చెప్పకుండా, శబ్దం హెచ్చుతగ్గులు లేకుండా రెండూ వినిపించు బాబూ" అన్నాను. నాకు తేడా తెలియలేదు.

నాన్నగారు మాత్రం, "పాట మొదలుపెట్టారా?" అని అడిగారు.

తెర ఎక్కడుందో అప్పుడర్థమైంది. దాచిన డబ్బుతో డాక్టరు సలహాపై చెవి మిషను కొన్నాం. ఇప్పుడు ఇంట్లో పాత టేపురికార్డరు పాడుతుంటే, ఆయన మెల్లగా గొంతు కలుపుతున్నారు.