ముప్పై రెండు కిలోబైట్లలో మా ఊరు

మా ఊరు పానగల్, నల్లగొండ పట్టణానికి ఆనుకొని ఉంటుంది. ఛాయా సోమేశ్వరాలయం, పచ్చల సోమేశ్వరాలయం, ఉదయసముద్రం చెరువు అనగానే కందూరు చోడుల చరిత్ర తెలిసినవారికి మా ఊరు స్ఫురిస్తుంది. అటువంటి పేరును ఒక యంత్రం చేత తెలుగులో రాయించబోయి నేను పడిన తిప్పలు ఇప్పటికీ మరువలేను.

1984-85లో భారత ప్రభుత్వం 'క్లాస్' అనే పథకం కింద దేశంలోని సుమారు 250 పాఠశాలలకు కంప్యూటర్లను పరిచయం చేసింది. అందుకు ఎన్నుకొన్న యంత్రం బి.బి.సి. మైక్రో. ఇంగ్లండులోని ఏకార్న్ సంస్థ దానిని 1981 చివర విడుదల చేసింది. తరువాత కొన్నేళ్ళకు నేను చదివే పాఠశాలకూ అలాంటిది ఒకటి వచ్చింది. చెప్పులు బయట విడిచి, గుడిలోకి వెళ్ళినట్లు ఆ గదిలోకి వెళ్ళేవాళ్ళం.

"దీని మెమరీ ముప్పై రెండు కిలోబైట్లు" అన్నారు సారు మొదటిరోజున. అంటే 32,768 బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చొప్పున లెక్కిస్తే మా వాచకంలో ఇరవై పుటలకు మించి పట్టదు. నా పక్కనున్న మిత్రుడు "అంతేనా!" అన్నాడు. నాకేమో "అంతా!" అనిపించింది.

ఒకనాడు ఎరువుల కోసం పట్నం వచ్చిన మా నాయన కిటికీలోంచి ఆ యంత్రాన్ని చూశాడు. ఆయనకు వచ్చిన చదువు తెలుగు అక్షరాలే. "గిందుల మన ఊరి పేరు వస్తదా బిడ్డా, తెలుగుల?" అని అడిగాడు. వస్తుందో రాదో తెలియకుండానే "వస్తది నాయినా" అన్నాను.

ఆ యంత్రం తెరకు ఎనిమిది రీతులున్నాయి. అన్నిటికంటే రంగులమయమైనది రెండో రీతి. నేను దానినే కోరుకొన్నాను. నీలి రంగులో చెరువు, ఒడ్డున గోపురం, కింద ఊరి పేరు! గీతల లెక్కలన్నీ వరుస వెంట వరుస రాసుకొంటూ పోయాను. నడిపించగానే తెరమీద 'బ్యాడ్ మోడ్' అని పడింది. దానిని నేను తిట్టుగా తీసుకొన్నాను. సారు కాగితం మీద లెక్క వేసి చూపించారు. ఆ రంగుల తెరే 20,480 బైట్లను మింగుతుంది. యంత్రం తన సొంత అవసరాలకు 3,584 ఉంచుకొంటుంది. ప్రోగ్రాముకు మిగిలేవి 8,704. నాది అంతకు మించిపోయింది.

ఆ రాత్రి నాయనకు ఈ సంగతి చెప్పాను. ఆయన నవ్వి, "చెర్ల నీళ్ళెన్నని కాదు బిడ్డా, ఎన్నెకరాలు నాటు పెట్టినవో చూసుకోవాలె" అన్నాడు.

మర్నాడు ఏడో రీతిని ప్రయత్నించాను. దానికి ఒక్క కిలోబైటు చాలు. ప్రోగ్రాముకు 28,160 బైట్లు మిగులుతాయి. కాని ఆ తెర అక్షరాలు వేరొక చిప్పులో శాశ్వతంగా ముద్రించి ఉంటాయి. మన అక్షరాలను మనం చేసుకొనే వీలు లేదు. ఇల్లు విశాలమే, తెలుగుకు మాత్రం గుమ్మం లేదు!

చివరకు దారి చూపింది నాలుగో రీతి. రెండే రంగులు. తెరకు 10,240 బైట్లు పోగా ప్రోగ్రాముకు 18,944 మిగులుతాయి. అడ్డం ఎనిమిది, నిలువు ఎనిమిది చుక్కల గడిలో కొత్త అక్షరాన్ని తయారు చేసుకోవచ్చు. గడికి ఎనిమిది బైట్లు. ఇంగ్లీషు అక్షరానికి ఒక గడి సరిపోతుంది. మన అక్షరం అందులో ఒదగదు. అందుచేత గ్రాఫు కాగితం మీద ఒక్కొక్క అక్షరానికి నాలుగేసి గడులు గీశాను. పా, న, గ, ల్ కలిసి పదహారు గడులు, 128 బైట్లు. యంత్రం సిద్ధంగా ఇచ్చే గడులు ముప్పై రెండే. వాటిలో సగం మా ఊరి పేరుకే చెల్లిపోయాయి.

మరి తెలుగంతా పట్టాలంటే? ముప్పై అయిదు హల్లులకు పన్నెండేసి గుణింతాలు అనుకొన్నా 420 అక్షరరూపాలు, 13,440 బైట్లు. వాటిని తెరపై చుక్కలుగా పేర్చే ప్రోగ్రామును మనమే రాసుకోవాలి. ఒత్తుల బెడద ఉండనే ఉంది. అయినా నాలుగో రీతిలో మిగిలిన చోటులో అవి పడతాయి. పదహారు కిలోబైట్ల చిన్న రకం బి.బి.సి. యంత్రంలోనైతే ఆ తెర పోగా మిగిలేవి 2,560 బైట్లే. అందులో తెలుగు మాట తలపెట్టడం వృథా. కనుక ఇంగ్లీషుకు పదహారు చాలునేమో గాని, తెలుగుకు ముప్పై రెండు కావాలన్నది నా లెక్క. రంగుల మోజు లేకుంటేనే సుమా!

1991లో యూనికోడ్ మొదటి ప్రతిలోనే తెలుగుకు చోటు దొరికింది. నేటి ఫోనులో పానగల్ అన్న పేరుకు ఆరు సంకేతాలు, వాడుకలో ఉన్న పద్ధతిలో పద్దెనిమిది బైట్లు. అక్షరాల ఆకృతులు ఫాంటులో విడిగా ఉంటాయి గనుక పేరు రాసేవారికి వాటి బరువు తెలియదు.

మరుసటి వారం నాయనను గదిలోకి తీసుకొని వెళ్ళాను. నల్లని తెరమీద తెల్లగా నాలుగక్షరాలు వెలిగాయి. ఆయన కళ్ళు చిట్లించి, పెదవులు కదుపుతూ ఒక్కొక్కటే చదివాడు. కాసేపు నిలబడి, "పొల్లు జర వంకర వోయింది బిడ్డా" అన్నాడు.

రెండు గడుల్లో మూడు చుక్కలు మార్చాను. అందుకు అదనంగా ఒక్క బైటు కూడా పట్టలేదు.