రాజు పోయినా ఆగని యుద్ధం

పిల్లలూ! నేను చాలా ఏళ్ళు బడిలో చరిత్ర పాఠాలు చెప్పాను. చివరకు ప్రధానోపాధ్యాయుడిగా పని చేసి విశ్రాంతి తీసుకున్నాను. చెప్పిన పాఠాలు చాలామటుకు మరిచిపోయాను. కాని చెప్పకుండా దాటవేసిన ఒక జవాబు మాత్రం నన్ను వదలలేదు. ఆ సంగతి మీకు చెబుతాను.

ఆ రోజు ఎనిమిదో తరగతిలో ఔరంగజేబు దక్షిణదేశపు దండయాత్రల పాఠం. నేను నల్లబల్లమీద సంవత్సరాలు వరసగా రాశాను. 1686లో బిజాపూరు పడిపోయింది. 1687లో గోల్కొండ పడిపోయింది. 1689లో శివాజీ కొడుకు శంభాజీని పట్టుకుని చంపించారు. 1707లో ఔరంగజేబు చనిపోయాడు.

"రాసుకోండి," అన్నాను. అందరూ రాసుకున్నారు.

అప్పుడు చివరి బెంచీలోనుంచి ఒక కుర్రవాడు లేచి నిలబడి, "మాస్టారూ, గోల్కొండ రాజు పట్టుబడగానే గోల్కొండ రాజ్యం అయిపోయింది గదండీ! మరి రాజును చంపేసినా మరాఠాల పని ఎందుకు అయిపోలేదండీ? ఆ తరవాత పద్దెనిమిదేళ్ళూ ఎవరు యుద్ధం చేశారండీ?" అని అడిగాడు.

నాకు జవాబు తెలియదు. తెలియదని చెప్పడం నామోషీ అనిపించింది. "పరీక్షలో రాని ప్రశ్నలు నీకెందుకురా? కూర్చో!" అని గద్దించాను. తరగతి అంతా నవ్వింది. వాడు తల దించుకుని కూర్చున్నాడు. ఆ ఏడాది ఆఖరుదాకా వాడు నన్ను మరొక్క ప్రశ్న అడగలేదు. పై ఏడు బడికి రానేలేదు. వాళ్ళ కుటుంబం ఊరు విడిచి వెళ్ళిందన్నారు.

వాడి ప్రశ్న మాత్రం నా దగ్గరే ఉండిపోయింది. పుస్తకాలు తిరగేశాను. ఉద్యోగం అయిపోయాక పుణే వెళ్ళి, దగ్గరలో ఉన్న సింహగఢ్ కోట ఎక్కాను. పైన ఒక అవ్వ పెట్టిన జొన్నరొట్టె తిని, మట్టి పిడతలో పెరుగు తాగి, గోడమీద కూర్చుని చుట్టూ చూశాను. ఎటు చూసినా కొండలు, లోయలు. అప్పుడు నాకు జవాబు కొంత అర్థమయింది.

ముందు మన గోల్కొండ సంగతి చూడండి. ఔరంగజేబు దాన్ని సుమారు ఎనిమిది నెలలు ముట్టడించాడు. ఫిరంగులకు కోట లొంగలేదు. ఆఖరుకు లోపలి అధికారి ఒకడు లంచం పుచ్చుకుని రాత్రివేళ తలుపు తెరిపించాడు. అబ్దుర్ రజాక్ లారీ అనే వీరుడు ఒళ్ళంతా గాయాలయినా పోరాడాడు గాని లాభం లేకపోయింది. తానీషా పట్టుబడి దౌలతాబాదు కోటలో ఖైదీ అయినాడు. ఒక తలుపు తెరుచుకున్నది, ఒక రాజు దొరికాడు, రాజ్యం ముగిసింది.

మరాఠాల సంగతి అలా కాదు. శివాజీ 1674లో రాయగఢ్‌లో పట్టాభిషేకం చేసుకున్నాడు, 1680లో చనిపోయాడు. ఆయన రాజ్యం ఒక్క కోటలో లేదు, కొండకొక కోటలో ఉంది. ఒక్కొక్క కోటకు ఒక్కడు కాక ముగ్గురు అధికారులు ఉండేవారు. ఒకడి దగ్గర తాళంచెవులు, ఒకడి దగ్గర లెక్కలు, ఒకడి కింద సైనికులు. ఒక్కడే లంచం తిని తలుపు తీయకుండా ఈ ఏర్పాటు. అయినా తరవాతి కాలంలో కొన్ని కోటలు డబ్బుకు లొంగాయి. కాని ఒక కోట పోతే మిగతా కోటలు ఉన్నాయి.

1689లో శంభాజీ పోయాడు. రాయగఢ్ కూడా పోయింది. ఆయన భార్య యేసూబాయి, ఏడేళ్ళ కొడుకు షాహూ మొగలాయీలకు బందీలయినారు. ఇక అంతా అయిపోయిందని ఢిల్లీవాళ్ళు అనుకుని ఉంటారు. కాని శంభాజీ తమ్ముడు రాజారాం తప్పించుకుని, ఎంతో దూరాన తమిళదేశంలో ఉన్న జింజీ కోట చేరాడు. దాన్ని పట్టడానికి మొగలాయీలకు 1698 దాకా పట్టింది. అందాకా మహారాష్ట్రలో పరిపాలన రామచంద్రపంతు చూశాడు. సంతాజీ ఘోర్పడే, ధనాజీ జాధవ్ తేలికపాటి గుర్రపుదళాలతో మెరుపులాగా వచ్చి కొట్టి, కొండల్లో మాయమయ్యేవారు. చక్రవర్తి దండు ఏనుగులతో, ఫిరంగులతో, బజార్లతో కదిలే పట్టణం లాంటిది. అది గుర్రాల వెంట పరిగెత్తగలదా?

రాజారాం 1700లో చనిపోయాడు. అది నేను కూర్చున్న ఆ సింహగఢ్ మీదనే. ఆయన సమాధి అక్కడ ఉంది. అప్పుడు ఆయన భార్య తారాబాయి, పాతికేళ్ళ మనిషి, పసివాడయిన కొడుకు పేరిట రాజ్యభారం తీసుకున్నది. ఔరంగజేబుకు ఎనభై దాటాయి. ఆయన స్వయంగా కోట తరవాత కోట ముట్టడించాడు. ఆయన ముందుకు కదిలితే వెనక కోట మళ్ళీ మరాఠాల చేతికి పోయేది. పైగా తారాబాయి దండ్లు నర్మద దాటి మాళవంలోకే వెళ్ళాయి. చక్రవర్తి దక్షిణదేశంలో పాతికేళ్ళు గడిపి, ఢిల్లీ మళ్ళీ చూడకుండానే 1707లో అహమ్మద్‌నగర్‌లో కన్ను మూశాడు.

అందరూ దేశంకోసమే పోరాడారని నేను చెప్పను. చాలామంది సర్దార్లు భూములకోసం పోరాడారు. కొందరు శత్రువు కొలువులో చేరి మళ్ళీ వచ్చారు. సంతాజీ స్వజనంతో వచ్చిన కలహంలోనే ప్రాణం పోగొట్టుకున్నాడు. ఇరువైపుల దండ్లూ తొక్కిన పొలాలు రైతులవే. ఇదీ చరిత్రే, దాచకూడదు.

అయినా మరాఠాల యుద్ధం ఒక్క మనిషిమీద ఆధారపడి నిలవలేదు. ఒకరు పడిపోతే మరొకరు అందుకున్నారు. చక్రవర్తి రాజును పట్టుకోగలిగాడు గాని అంతమందిని పట్టుకోలేకపోయాడు.

బాబూ! ఇప్పుడు నీకు పిల్లలు ఉండి ఉంటారు. వాళ్ళు ఈ పత్రిక చదువుతూ ఉంటే నువ్వూ చూస్తావని నా ఆశ. ఆ రోజు నువ్వు అడిగింది చాలా మంచి ప్రశ్న. నాకు తెలియకనే నిన్ను కూర్చోమన్నాను. తప్పు నాది. ఇదుగో, నీ జవాబు.