కొండమీద ‘కరుణామయుడు’

విశాఖపట్నం అనగానే మన సినిమా కుర్రకారుకి ముందు గుర్తొచ్చేది సముద్రం. 1978లో బాలచందర్ ‘మరో చరిత్ర’లో కమలహాసన్‌నీ సరితనీ ఆ ఒడ్డున తిప్పిన దగ్గర్నుంచీ మనకి వైజాగ్ అంటే కెరటాలే, భీమిలి అంటే ఇసకే! కానీ ఈ ఊరికి వీపు వైపు కొండలున్నాయండీ. ఆ కొండల కథ చెప్తాను, కాస్త ఓపిక పట్టండి. ఇందులో డ్యూయెట్లు లేవు, ఫైట్లు లేవు. అయినా క్లైమాక్స్ ఉంది!

మాది కూర్మన్నపాలెం. గాజువాక దాటి అనకాపల్లి వైపు వెళ్తుంటే, జాతీయ రహదారి పక్కన ఉక్కు కర్మాగారం ముఖద్వారం దగ్గర ఉంటుంది. 1966లో ‘విశాఖ ఉక్కు - ఆంధ్రుల హక్కు’ అని రాష్ట్రమంతా ఊగిపోతే 32 మంది ప్రాణాలిచ్చారు. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేశారు. 1992 ఆగస్టు 1న పి.వి.నరసింహారావు జాతికి అంకితం చేశారు. 2021లో ప్లాంటు ప్రైవేటుకి ఇస్తారన్న కబురు రాగానే కార్మికులు దీక్షా శిబిరం వేసింది మా జంక్షన్‌లోనే. షిఫ్టు దిగిన జనం టీ కొట్టు దగ్గర మాట్లాడుకునేవి రెండే విషయాలు: ఒకటి ప్లాంటు, రెండు సినిమా.

ఆ టీ కొట్టు దగ్గరే మా వీధి ఫిట్టర్ అన్న అడిగాడు. “తమ్ముడూ, మా మిషన్ టీము కొండెక్కుతోంది. మందులు పంచుతాం, సినిమా వేస్తాం. వస్తావా?”

నేను క్రైస్తవుణ్ణి కాను. మా ఇలవేల్పు సింహాద్రి అప్పన్న. ఆ మాటే చెప్పాను. “అప్పన్న కూడా కొండమీదే ఉన్నాడు కదా, నీకు మెట్లెక్కడం అలవాటే!” అని నవ్వాడు. “ఏం సినిమా?” అన్నాను. “కరుణామయుడు” అన్నాడు. అంతే, బ్యాగు సర్దేశాను!

ఆ సినిమా సంగతి మీలో కొత్తవాళ్ళకి తెలియకపోవచ్చు. 1978 డిసెంబరులో విడుదలైంది. ఏసుక్రీస్తుగా విజయచందర్. దర్శకుడు ఎ.భీంసింగ్, తమిళంలో శివాజీ గణేశన్‌తో వరసగా హిట్లు తీసిన మహానుభావుడు. పాపం, ఈ సినిమా విడుదల చూడకుండానే ఆ ఏడాది జనవరిలో కన్నుమూశారు. మామూలు సినిమా థియేటర్లోంచి వెళ్ళిపోతే డబ్బాలో పడుకుంటుంది. ఇది మాత్రం డబ్బాలోంచి లేచి నడిచింది! హిందీలో ‘దయాసాగర్’ అనే పేరుతో సహా దేశమంతా పల్లె పల్లెకీ మిషన్ బృందాలు మోసుకెళ్ళి, తెరగట్టి చూపించాయి. సినిమాహాలు మొహం చూడనివాళ్ళు ఎందరో చూసిన మొదటి బొమ్మ ఇదే.

మొత్తం తొమ్మిదిమందిమి. డిసెంబరు చలిలో, తెల్లవారకుండానే ఆటోల్లో విశాఖ స్టేషనుకి చేరి కిరండోల్ పాసింజరెక్కాం. బైలదిల్లా ఇనపరాయిని రేవుకి దింపి జపానుకి పంపడానికని 1960లలో వేసిన లైను ఇది. కొండల కడుపులోంచి 58 సొరంగాలు! అద్దాల పెట్టె కూడా 2017లో తగిలించారు. మేం మాత్రం జనరల్ బోగీ, అంటే నేల టిక్కెట్టన్నమాట. అసలు మజా నేల టిక్కెట్టులోనే ఉంటుందని మీకు నేను చెప్పాలా?

సొరంగంలో చీకటి పడ్డప్పుడల్లా పిల్లలు ఈలలు వేస్తుంటే, మా పెద్ద పాస్టరు గారు కబుర్లు చెప్పారు. 1805లో క్రాన్, డెస్‌గ్రాంజ్ అనే ఇద్దరు లండను మిషనరీలు ఓడ దిగింది మన విశాఖపట్నంలోనేనట. ఇక్కడే తెలుగు నేర్చుకుని సువార్తల్ని తెలుగు చెయ్యడం మొదలెట్టారు. వాళ్ళకి సాయం చేసింది ఆనందరాయర్ అనే మనవాడు. అవి 1812లో శ్రీరాంపూర్‌లో అచ్చయ్యే నాటికి ఆ దొరలిద్దరూ లేరు. “భీంసింగ్ గారిలాగే!” అన్నాన్నేను. ఆయన నవ్వి, “మేం కుర్రాళ్ళుగా ఉన్నప్పుడు పదహారు ఎం.ఎం. ప్రొజెక్టరు, రీళ్ళు, జనరేటరు కావిళ్ళలో మోసేవాళ్ళం బాబూ. ఇప్పుడు ప్రొజెక్టరు టిఫిను కారియరంతే. బరువంతా బ్యాటరీదే” అన్నారు.

బొర్రా గుహలు స్టేషన్లో దిగాం. టూరిస్టులంతా గుహల వైపు, మేం కొండవైపు. నాలుగు గంటల నడక. దారంటే దారి కాదు, మనుషుల కాళ్ళు గీసిన గీత. మూడుచోట్ల గెడ్డ దాటాం. సిల్వరోకు చెట్ల నీడన కాఫీ తోటలు, చెట్లకి పాకిన మిరియం తీగలు, వాలంతా వలిసె పూలు. ఆ పసుపు పచ్చని చూస్తే ఏ కెమెరామానైనా అక్కడే స్టాండు పాతేస్తాడు. నా ఒంట్లో మాత్రం అప్పటికే ఇంటర్వెల్ బెల్లు మోగుతోంది! రెండు చేతుల్లో నీళ్ళ బిందెలతో ఎక్కుతున్న ఒకావిడ నన్ను చూసి, “ఏటి బావూ, అప్పుడే ఆయాసమొచ్చిందేటి?” అని దాటుకుని పోయింది.

ఊరు ముప్పై గడప. చోడి అంబలి అడ్డాకు దొన్నెల్లో పోసి ఇచ్చారు. అమృతమే అనుకోండి! మధ్యాహ్నమంతా నర్సు అక్క జ్వరాలకి, గజ్జికి మందులిచ్చింది. సాయంత్రం రెండు పనస చెట్ల మధ్య తెర కట్టాం. ఊరి దిసారి, అంటే వాళ్ళ పూజారి, వచ్చి ముందు వరసలో కూచున్నాడు. తన ఊళ్ళో ఇంకో దేవుడి బొమ్మంటే గొడవ పడతాడేమోనని నాకు భయం. ఆయన మాత్రం విజయచందర్ని తేరిపార చూసి, “ఈ బావు సాయిబాబా కాదేటి?” అన్నాడు. నిజమే మరి! 1986లో ‘శ్రీ షిర్డీ సాయిబాబా మహత్యం’లో బాబా కూడా ఆయనే. దిసారి అది సంతకెళ్ళినప్పుడు చూశాట్ట. నేను నోరు మూసుకున్నాను.

సినిమా సాగుతోంది. శిలువ మోసే ఘట్టం వచ్చింది, బాలసుబ్రహ్మణ్యం గొంతు కొండంతా నిండింది. “ఆ బావుకి మంచినీళ్ళియ్యరేటర్రా!” అని ఒక ముసలమ్మ ఏడుస్తోంది. సరిగ్గా అప్పుడే చివరింట్లోంచి కేక. నిండు చూలాలికి నొప్పులు. నర్సు అక్క వెళ్ళి చూసి వచ్చి, “బిడ్డ అడ్డం తిరిగింది. తెల్లారేదాకా ఆగితే ఇద్దరూ దక్కరు” అంది.

రోడ్డు లేదు. ఫోను సిగ్నలూ లేదు. వెన్నెలా లేదు. దిగే దారికి దీపం కావాలంటే మా దగ్గరున్నది ప్రొజెక్టరు బ్యాటరీ ఒక్కటే. టీములో ఒకతను, “ఇంకో అరగంటేనండీ, సినిమా అవ్వగొట్టి...” అని సణిగాడు. పాస్టరు గారు అతని వైపు చూడనుకూడా చూడలేదు. లేచి వైరు పీకేశారు. తెర మీద శిలువ అలాగే చీకట్లో కలిసిపోయింది.

గుంటడొకడు సిగ్నలున్న మెరక మీదికి పరిగెత్తాడు, 108కి ఫోను చెయ్యడానికి. తెరకట్టిన వెదురు గెడే డోలీకి కాడయింది. తెరగుడ్డే ఊయలయింది. బ్యాటరీకి బల్బు తగిలించి ఫిట్టర్ అన్న తలకెత్తుకున్నాడు. దారి తెలిసిన దిసారి ముందు నడిచాడు, వాళ్ళ కొండదేవతని తలుచుకుంటూ. వెనక పాస్టరు గారు ప్రార్థన చేసుకుంటూ. మధ్యలో నేను అప్పన్నా అప్పన్నా అనుకుంటూ! నా భుజం మీద వెదురు కాడ, చెవి పక్కన ఆ అమ్మాయి మూలుగు. దూరంగా లోయలో ఇనపరాయి గూడ్సు బండి పోతోంది. రాయికి దారుంది, మనిషికి లేదు. ఆ మాట ఎవరూ పైకి అనలేదు. కాడ మోసేవాడికి మాటలు రావు.

మూడోసారి గెడ్డ దాటేటప్పుడు బల్బు ఎర్రబడింది. ఇంకో వంద గజాలు పోయాక ఆరిపోయింది. అప్పటికే కింద 108 బండి నీలం లైటు కనిపిస్తోంది.

ఆసుపత్రిలో ఆపరేషను చేశారు. తల్లీ బిడ్డా క్షేమం. మగపిల్లాడు. ఏం పేరు పెట్టారో నాకు తెలీదు, మనం అడక్కూడదు కూడా. అది వాళ్ళిష్టం.

ఆ ఊరు మతం మారిందా లేదా అని కూర్మన్నపాలెం టీ కొట్టు దగ్గర నన్ను ఇద్దరు ముగ్గురడిగారు. నేను చూసింది అది కాదండీ. మీరు కూడా అరకు వెళ్తారు, అద్దాల పెట్టెలో కూచుని ఫొటోలు తీసుకుంటారు, తీసుకోండి. సొరంగానికీ సొరంగానికీ మధ్య పచ్చటి కొండ కనిపించినప్పుడు, దాని మీద కూడా ఇళ్ళున్నాయని, నొప్పులొస్తే అక్కణ్ణుంచి నడిచే రావాలని ఒక్కసారి తలుచుకోండి. ఈ లైను మీద వచ్చిన రాయే మా ప్లాంటులో ఉక్కవుతుంది. ఆ ఉక్కులో కాస్త ఆ కొండెక్కి గెడ్డ మీద వంతెన అయితే చాలు.

ఇక సినిమా సంగతి. మొన్న సంతకి దిగిన దిసారి ఫిట్టర్ అన్నకి కబురు పంపాడు: “మావోళ్ళు రోజూ అడగతన్నారు, ఆ బావు లెగిసినాడా లేదా అని. చైత్రంలో మా ఇటుకల పండక్కి రండి. మా దింసా మీరు చూద్దురు గాని, మిగిలిన బొమ్మ మాకు ఎయ్యండి.”

టీము రెడీ. ఈసారి బ్యాటరీలు రెండు!