పాదం లేని మేజోళ్లు

"గిదేందిరా, పాదమే లేదు? అల్లుడు మర్శిపోయిండ్రా?"

వీడియో కాల్‌లో అమ్మ అడిగిన మొదటి మాట అది. మ్యూనిక్‌లో నా అద్దె గదిలో అద్దం ముందు నిలబడి ఉన్నాను. ఒంటి మీద గళ్ల చొక్కా, మోకాలి పైనే ఆగిపోయిన తోలు నిక్కరు, పిక్కలకు బూడిద రంగు ఉన్ని తొడుగులు. మా టీమ్ అంతా అక్టోబర్‌ఫెస్ట్‌కు వెళ్తున్నాం, అందరూ ఇదే వేషంలో రావాలన్నారు. అమ్మేమో మాక్లూర్‌లో మా మక్క చేను గట్టు మీద ఉంది. కంకులు విరిచే రోజులు.

అమ్మ అడిగిన దాంట్లో తప్పేం లేదు. లోఫెర్ల్ అనే ఈ మేజోడు రెండు ముక్కలుగా ఉంటుంది. ఒకటి పాదానికి, అది బూటులోనే దాక్కుంటుంది. రెండోది పిక్కకు తొడిగే గొట్టం. చీలమండా మోకాలూ బయటికే కనిపిస్తాయి. షాపులో చూసి, సగమే ఇచ్చారేమో అనుకున్నాను. నలభై యూరోలు! రూపాయల్లోకి మార్చి చూసుకోకూడదని తెలిసీ మార్చాను.

"నా చేతులకున్న సాక్సుల లెక్కనే ఉన్నయ్ గద" అంటూ అమ్మ చెయ్యెత్తి చూపించింది. నేను నవ్వి, ఆలస్యమవుతోందని ఫోన్ పెట్టేశాను.

ఆ చేతుల సాక్సుల సంగతి చెప్పాలి. మక్క ఆకు అంచు కోసుకుపోతుంది. చేన్లో ఒక పూట తిరిగితే మోచేతుల దాకా గీతలు పడతాయి, చెమట తగిలితే భగ్గుమంటాయి. అందుకే మా దగ్గర ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటారు. అమ్మ ఇంకో అడుగు ముందుకేసి, నా పాత స్కూల్ సాక్సులకు ముందు భాగం కత్తిరించి చేతులకు తొడుక్కునేది. ఏడో తరగతిలో ఒకసారి చేను నుంచి నేరుగా స్కూలుకు వచ్చింది, ఫీజు కట్టడానికి. తెల్ల గీతల నీలం సాక్సులు చేతులకు అలాగే ఉన్నాయి. పక్కవాడు "ఎవర్రా ఆమె?" అంటే "మా చేన్ల పనికొస్తది" అన్నాను. అమ్మకు వినిపించిందో లేదో ఇప్పటికీ అడగలేదు.

పండగ అయిపోయాక ఒక శనివారం బైరిష్‌ట్సెల్ వెళ్లాను. ఆ నలభై యూరోల కథేమిటో చూద్దామని. మ్యూనిక్ నుంచి రైల్లో గంటన్నర లోపే. దారిలో ష్లీర్‌జే సరస్సు దగ్గర రైలు ఆగి, వచ్చిన వైపే వెనక్కి బయల్దేరుతుంది. నేను తప్పు రైలెక్కానని కంగారుపడ్డాను. దిగాక వెండెల్‌ష్టైన్ కొండ, దాని కింద చిన్న ఊరు, చెక్క బాల్కనీల ఇళ్లు. మన సిద్ధులగుట్టకు పచ్చ రంగు వేసి నాలుగింతలు పెంచినట్టుంది.

పద్దెనిమిదో శతాబ్దంలో యూరప్‌లో చాలామంది మగవాళ్లవి మోకాలి దాకా వచ్చే నిక్కర్లూ పొడుగు మేజోళ్లే. దొరలకు పట్టువి, రైతులకు ఉన్నివి. పిక్క బలంగా కనబడటం మగతనమని లెక్క. సన్నకాళ్ల వాళ్లు లోపల దూది పెట్టుకున్నారట, ఇంగ్లండ్‌లో దొంగ పిక్కలు అమ్మేవారు కూడా. ఫ్రెంచ్ విప్లవం తర్వాత పొడుగు ప్యాంట్లు వచ్చి పట్నాల్లో ఈ ముచ్చట తీరిపోయింది. ఆల్ప్స్ కొండల్లో వేటగాళ్లకూ కట్టెలు కొట్టేవాళ్లకూ మాత్రం తోలు నిక్కరే ఉండిపోయింది. మోకాలు ఆడాలి కాబట్టి కురచది. తడి గడ్డిలో, వాగుల్లో పాదం ఎలాగూ నానుతుంది, పిక్క వెచ్చగా ఉంటే చాలు. లోఫెర్ల్‌కు అక్కడివాళ్లు చెప్పే కారణం అదే. దాని మీద జడలు అల్లినట్టుండే లావు అల్లిక మాత్రం పిక్కను పెద్దగా చూపించడానికి. దొరల మోజు అక్కడ మిగిలిందన్నమాట.

1880ల నాటికి ఈ ఊళ్లల్లోనూ కురచ నిక్కరు కనుమరుగవుతోంది. పాతబట్ట, పేదబట్ట అని. 1883లో బైరిష్‌ట్సెల్ బడిపంతులు యోజెఫ్ ఫోగ్ల్ కొందరిని కూడగట్టి ఆ వేషాన్ని కాపాడటానికి ఒక సంఘం పెట్టాడు. అలాంటి సంఘాల్లో అదే మొదటిది. మెచ్చుకోళ్లేమీ రాలేదు. 1913లో మ్యూనిక్-ఫ్రైజింగ్ ఆర్చ్‌డయోసిస్ కురచ తోలు నిక్కరు సభ్యతకు విరుద్ధమని ప్రకటించింది. అభ్యంతరమంతా ఆ బోసి మోకాళ్ల మీదే. ఇప్పుడు ఆదివారం చర్చికి అదే వేసుకుని పోతున్నారు! అక్టోబర్‌ఫెస్ట్‌లో కూడా రెండు మూడు దశాబ్దాల కిందటి దాకా చాలామంది మామూలు బట్టల్లోనే వచ్చేవాళ్లని మా ఆఫీసు పెద్దాయన చెప్పాడు.

పిక్కకు చుట్టుకోవడం మనకేమీ కొత్త కాదు. హిందీ "పట్టీ" అనే మాటనే బ్రిటిష్ సైన్యం తీసుకుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో సిపాయిల పిక్కలకు చుట్టుకుంది అదే.

ఆ రోజు బైరిష్‌ట్సెల్‌లో ఒక ముసలాయన కట్టెలు పేరుస్తున్నాడు. కాళ్లకు వెలిసిపోయిన లోఫెర్ల్, ఒకదానికి చిరుగు, దానికి వేరే రంగు ఉన్నితో కుట్టు. ఎవరి కోసమూ వేసుకున్నది కాదు. పనికి వేసుకున్నది. ఫొటో తీద్దామని ఫోన్ చేతిలోకి తీసుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాను.

డిసెంబర్‌లో ఇంటికొచ్చాను. లోఫెర్ల్ తీసి అమ్మ చేతిలో పెట్టాను. అమ్మ మోచెయ్యి దాకా ఎక్కించుకుని, గుంజి, అటూ ఇటూ తిప్పి చూసింది.

"మక్కకు పనికిరాదు బిడ్డా. ఉన్నికి ఆకు పట్టుకుంటది. చెమటకు దురద వెడ్తది. నీ సాక్సులే మంచిగున్నయ్."

"ఇంకా ఉన్నయా అవి?"

దండెం వైపు చూపించింది. నీలం రంగు తెల్లబడి, తెల్ల గీత ఏదో నీలం ఏదో తెలియకుండా అయింది.

తెల్లారి చూస్తే లోఫెర్ల్ కనిపించలేదు. బాపు పసుపుకు నీళ్లు కట్టడానికి పోయాడు. నేనూ పోయాను. మంచులో, బురద కాల్వలో పాదాలు మునిగి ఉన్నాయి, మోకాళ్ల పైకి ఎగ్గట్టిన లుంగీ, పిక్కలకు నా బూడిద రంగు తొడుగులు.

"వెచ్చగున్నయ్‌రా" అన్నాడు బాపు, పార ఆపకుండా.

వెనకాల గట్టు మీద అమ్మ చాయ్ తెస్తోంది. చేతులకు సాక్సులు ఉన్నాయి. ఎదురుపోయి క్యాన్ అందుకున్నాను. ఏడో తరగతి నాటి మాట అడగాలనుకున్నాను. "సల్లారుతది, బాపుకు పొయ్యి" అంది అమ్మ.