చెకుముకి సంచి

ముదగల్ బజారులో ఒక అంగడి ముందు అరగంటసేపు నిలుచున్నచో, ఒకే వస్తువునకు మూడు పేర్లు వినవచ్చును. ఒకరు ‘బెంకిపెట్టిగె’ అందురు. మరియొకరు ‘మాచిస్’ అందురు. మావంటివారు ‘అగ్గిపెట్టె’ అందురు. అంగడివాడు మాత్రము ముగ్గురికిని ఒకే పెట్టెను తీసి యిచ్చును. కృష్ణా తుంగభద్రల నడుమ కన్నడము, ఉర్దూ, తెలుగు కలసి బ్రదుకుచున్న తీరునకు ఇంతకంటె చిన్న నిదర్శనము నాకు కనబడలేదు. ఆ పెట్టెను గురించియు, దానికి పూర్వమున్న చెకుముకిని గురించియు, తరువాత వచ్చిన విద్యుత్పరికరములను గురించియు నాలుగు మాటలు వ్రాయవలెనని నాకు చిరకాలముగా కోరిక కలదు. ఏలయన, ఊరు విడిచి వచ్చిన సంసారమునకు మొదటి రాత్రి కావలసినది నిప్పు.

నిప్పును వెంటగొనిపోవుట మనుష్యునకు ఎప్పుడును సులభముగా లేదు. అగ్నిహోత్రులు అరణి మథించి అగ్నిని పుట్టించుట యాగశాలలో నేటికిని చూడవచ్చును. అది శ్రమతోను ఓర్పుతోను కూడిన పని. రాయచూరు అంతర్వేదిలోని ఈ కోటలకై విజయనగర ప్రభువులును బహమనీ సుల్తానులును, పిమ్మట బిజాపురము వారును తరతరములు పోరాడిన సంగతి చదువరులెరుగుదురు. 1520లో శ్రీకృష్ణదేవరాయలు రాయచూరు కోటను పట్టుకొన్నప్పుడు ఆయన పక్షమున పోర్చుగీసు తుపాకివాండ్రు కొందరుండిరి. ఆ కాలపు తుపాకి మీట నొక్కినంతనే ప్రేలునది కాదు. సురేకారము పట్టించిన త్రాటి కొనను రగుల్చుకొని, అది ఆరకుండ కాపాడుకొనుచు, సమయము వచ్చినప్పుడు దానిని మందునకు తాకింపవలెను. వాన కురిసి త్రాడు తడిసెనా, ఎంతటి గురికాడైనను నిరాయుధుడే. రాజ్యములేలిన సైన్యములకే నిప్పు తడియకుండ కాచుకొనుట అంత పెద్ద చింతయైనప్పుడు, సామాన్య గృహస్థుని మాట చెప్పవలెనా?

ఆ సామాన్యుని ఆయుధము చెకుముకి. మా తాతగారి మొలత్రాటికి చిన్న తోలుసంచి యొకటి వ్రేలాడుచుండెడిది. అందులో ఒక పలుగురాయి, వంకరగా వంచిన ఉక్కుముక్క, సగము కాల్చి మసిచేసిన దూది యుండెడివి. రాతి అంచుపై ఉక్కును చురుకుగా చరచినప్పుడు రాయి నుండి నిప్పు పుట్టునని మేము పిల్లలము తలచెడివారము. సత్యము వేరు. రాయి ఉక్కుకంటె గట్టిది. అది ఉక్కును సన్నని పొడిగా గీరును. ఆ ఇనుపపొడి గీటు వేడిమికి గాలిలో మండుటయే మనము చూచు నిప్పురవ్వ. కాల్చిన దూదిపై ఆ రవ్వ పడినచో మంట లేకుండ రాజుకొనును. దానిని ఎండుపీచులో పొదిగి మెల్లగా ఊదినచో మంట లేచును. ‘గట్టిగా ఊదితే ఆరుతుంది, అసలు ఊదకపోతే చస్తుంది’ అని తాతగారు చెప్పుచుండెడివారు. తెలుగువారి చెకుముకియే కన్నడమువారికి చకమకి. వస్తువుతోపాటు మాటయు పొలిమేర దాటినది.

మా కుటుంబము తుంగభద్ర నీటిని నమ్ముకొని ఈ సీమకు వచ్చినది. ఆ ఆనకట్ట హైదరాబాదు, మద్రాసు ప్రభుత్వములు కలసి తలపెట్టినది. 1953లో కాలువలకు నీరు వదలిరి. తరువాతి సంవత్సరములలో కోస్తా జిల్లాల రైతులు అనేకులు అక్కడి పొలములమ్ముకొని, ఎడమకాలువ క్రింద సింధనూరు, గంగావతి ప్రాంతములలో నల్లరేగడి భూములు కొని, పొలముల నడుమనే పాకలు వేసికొనిరి. ఆ నివాసములకు ‘క్యాంపు’ అను పేరు వచ్చినది. పక్కా యిండ్లు, బడులు, గుడులు వెలసినను ఆ పేరు నేటికిని మాసిపోలేదు. ఈ కాలమున యువకులు వినోదమునకై అడవులలో రెండు రాత్రులు గుడారము వేసికొని దానిని క్యాంపింగు అందురు. మన పెద్దలు చేసినదియు అదియే, కాని వారు తిరిగి వెళ్లలేదు. మా కుటుంబము అట్టి క్యాంపులో కొంతకాలముండి, పిమ్మట వ్యాపారరీత్యా ముదగల్ చేరినది.

క్యాంపులో మొదటి రాత్రిని గురించి మా అమ్మగారు పలుమారులు చెప్పెడివారు. బండ్లు దిగుసరికి ముసురు పట్టినది. అగ్గిపెట్టెలు మెత్తబడినవి. దూది తడిసి తాతగారి చెకుముకియు పనిచేయలేదు. చంటిపిల్లకు పాలు కాచుటకు దారి లేక అమ్మ పాకలో కూర్చుండియుండగా, ప్రక్క పల్లెనుండి ఒక కన్నడ గృహిణి వచ్చి గుమ్మము దగ్గర నిలిచి, ‘బెంకి బేకేన్రీ?’ అని అడిగినదట. అమ్మకు అప్పటికి కన్నడము ఒక్క ముక్క రాదు. ‘బెంగగా ఉన్నదా?’ అని అడుగుచున్నదనుకొని కన్నీరు పెట్టుకొన్నదట. ఆ యిల్లాలు ఒక క్షణము తెల్లబోయి, వెనుకకు మరలి, కొంతసేపటికి కుండపెంకులో కణకణలాడు నిప్పులు పోసి, పైన బూడిద కప్పి, కొంగు చాటున వాన తగులకుండ తెచ్చి పొయ్యిలో వేసిపోయినది. అమ్మ నేర్చుకొన్న మొదటి కన్నడపు మాట ‘బెంకి’. ఈ దేశమున మా యింట వెలిగిన మొదటి మంట పొరుగువారిది.

ఆ దినములలో నిప్పును అడిగి తెచ్చుకొనుట నామోషీ కాదు. రాత్రి పొయ్యిలో పిడకను బూడిదతో కప్పియుంచి తెల్లవారి రేపుకొనెడివారు. ఎవరి యింట ఆరినను ప్రక్కయింటికి పిడకముక్కతో పిల్లను పంపెడివారు. ‘నివురు గప్పిన నిప్పు’ అను నానుడి మనకు వంటయింటి నుండి వచ్చినదే. అగ్గిపెట్టె ప్రతి యింటను చేరిన తరువాత ఆ రాకపోకలు తగ్గినవి.

అగ్గిపుల్ల చరిత్రయు చిన్నది కాదు. గీసినంత మండు పుల్లను 1827లో ఇంగ్లండులో జాన్ వాకర్ అమ్మకమునకు పెట్టెను. పిమ్మట తెల్ల భాస్వరముతో చేసిన పుల్లలు కర్మాగారములలోని పనివారి దవడ యెముకలను తినివేసినవి. 1906 నాటి బెర్న్ ఒడంబడిక ఆ భాస్వరమును నిషేధించినది. 1844లో స్వీడనుకు చెందిన పాష్ అను శాస్త్రజ్ఞుడు మందును రెండుగా విడదీసి, పుల్లతలపై ఒక భాగమును, పెట్టె ప్రక్కన ఎఱ్ఱ భాస్వరమును ఉంచు ఉపాయమును కనిపెట్టెను. అందుచేతనే నేటి పుల్ల పెట్టెకు గీసిననే మండును. పెట్టె ప్రక్క తడిసినచో పుల్ల పొడిగానున్నను ప్రయోజనము లేదు. మన దేశమున శివకాశికి చెందిన అయ్యనాడారు, షణ్ముగనాడారు అను ఇరువురు 1922లో కలకత్తా వెళ్లి ఈ విద్య నేర్చి వచ్చి, తమ ఊరిలో పరిశ్రమను నెలకొల్పిరి. పెట్టె ధర చాలకాలము రూపాయిగా నుండి 2021 డిసెంబరులో రెండు రూపాయలైనది.

నేడు గుడారములు వేయువారు వెంటగొనిపోవు నిప్పుకడ్డీ మన చెకుముకికి మనుమడు. 1903లో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఆవర్ ఫన్ వెల్స్‌బాక్ సీరియము, ఇనుము కలిపి ఒక మిశ్రలోహమును చేసెను. సిగరెట్టు లైటరులో మనము ‘రాయి’ అనుచున్నది రాయి కాదు, ఆ లోహమే. చెకుముకిలో రాయి ఉక్కును గీరును. ఇందులో ఉక్కు ఈ లోహమును గీరును. రవ్వలు మిక్కిలి వేడిగా రాలును. కడ్డీ తడిసినను తుడిచి గీసికొనవచ్చును. ఒక్క కడ్డీ వేలకొలది గీతలకు వచ్చును. ఈ మహాశయుడే గ్యాసుదీపపు మేంటిలును కూడ కనిపెట్టినవాడు. మన క్యాంపులలో పెండ్లిపందిళ్లను, హరికథలను వెలిగించిన పెట్రోమాక్సు దీపపు తెల్లని వెలుగు ఆ మేంటిలుదే. ఒక మనుష్యుని బుద్ధి మన పెండ్లిపందిటికిని, గుడారపు సంచికిని ఉపకరించుట వింత గదా!

ఇక విద్యుత్తు. మన జిల్లాలోని శక్తినగరులో 1985లో మొదలైన తాప విద్యుత్కేంద్రము నేడు 1720 మెగావాట్ల సామర్థ్యము కలది. అయినను విద్యుత్తు ఎంత సమీపమున పుట్టినను, తీగ తెగిన యింట చీకటియే. 2009 సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట ఉత్తర కర్ణాటకములో ఎడతెగని వానలు కురిసెను. అక్టోబరు 2వ తేదీన మంత్రాలయమును, కర్నూలును నీరు ముంచివేసెను. ఆ దినములలో మా వీథియు చీకటిలోనుండెను. రెండవనాటికి చేతి ఫోనులన్నియు మూగబోయినవి. మా మేనత్తగారికి ఉబ్బసము. ఆమె మందును ఆవిరిగా పీల్చు యంత్రము విద్యుత్తు లేనిదే కదలదు. అర్ధరాత్రి ఆమెకు ఊపిరి అందకపోగా, ఎదురింటి కన్నడ కుటుంబమువారి ఇన్వర్టరులో ఇంకను కొంత శక్తి మిగిలియున్నదని తెలిసినది. వారు తమ దీపములను, పంకాలను ఆర్పివేసి, ఆ శక్తినంతయు యంత్రమునకు విడిచి, ఆమెను తమ కూటములో పడుకొనబెట్టిరి. తెల్లవారుసరికి ఆమె తేరుకొన్నది. వారి వంటయింటిలో అగ్గిపెట్టెలు చెమ్మగిల్లియుండెను. మా దేవుని అరలోని కర్పూరమును, డబ్బాలో దాచిన అగ్గిపెట్టెను మా యింటివారు తీసికొనిపోయి వారి పొయ్యి వెలిగించిరి. అమ్మగారు అప్పటికి వృద్ధురాలు. ఆ సంగతి విని, ‘ఆ పెంకు బాకీ కొంచెం తీరింది’ అని మాత్రము అన్నారు.

ఈ అనుభవముతో మా యింట ఒక సంచి వెలసినది. పిల్లలు దానిని తాతగారి జ్ఞాపకార్థము ‘చెకుముకి సంచి’ అందురు. బిగువైన మూతగల సీసాలో రెండు అగ్గిపెట్టెలు. ఒక నిప్పుకడ్డీ. రెండు లైటర్లు. వీనిని ఎండ తగులు చోటను, మూసిన కారులోను ఉంచరాదు. లోపలి వాయువు వేడికి ఉబ్బి పగులగలదు. కర్పూరపు బిళ్ళలు నాలుగు. కర్పూరము నీటిలో కరగదు, తడి తుడిచినచో వెంటనే అంటుకొనును. కాని అది గాలికి హరించిపోవును గనుక డబ్బా మూత గట్టిగానుండవలెను. కొబ్బరిపీచు కొంత, మైనపువత్తులు రెండు, ఒక ఎల్.ఇ.డి. టార్చిలైటు. దాని ఘటములను విడిగానుంచుట మేలు, లోపలనుంచినచో కాలక్రమమున కారి దీపమును పాడుచేయును.

పవరుబ్యాంకును గురించి ఒక లెక్క చెప్పెదను. దానిపై 10,000 మిల్లీ ఆంపియర్ గంటలని వ్రాసియున్నచో, లోపలి ఘటపు 3.7 వోల్టులతో హెచ్చవేయగా 37 వాట్ గంటలగును. ఒక వాటు దీపమునకు, నష్టములు పోగా, సుమారు ఒక దినము వచ్చును. చేతి ఫోనును ఒకసారి నింపి కొంత మిగులును. నూరు వాట్లకు పైబడి వాడు యంత్రములను అది నడపలేదు. కావున ఇంటిలో రోగులున్నవారు బ్యాటరీతో పనిచేయు చిన్న యంత్రమునో, మంచి ఇన్వర్టరునో ముందుగా సమకూర్చుకొనవలెను. నెలకొకసారి అన్నిటిని చూచి నింపుకొనవలెను. ఉబ్బిన బ్యాటరీని ఎన్నడును వాడరాదు.

జాగ్రత్త యొకటి మరువరాదు. చలికో వానకో తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టరాదు. దానినుండి వెలువడు విషవాయువునకు రంగు లేదు, వాసన లేదు, నిద్రలోనే ప్రాణము తీయును. వంటగ్యాసు వాసన వచ్చినప్పుడు పుల్ల గీయరాదు, మీట నొక్కరాదు. తలుపులు తెరచి, బయటికి వచ్చి 1906 అను సంఖ్యకు తెలుపవలెను.

‘దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకొనవలెను’ అని మన పెద్దలనిరి. సంచి కట్టుకొనుట అందులో సగము మాత్రమే. సామగ్రి ఎంత యున్నను ఏదో యొక రాత్రి అది చాలకపోవచ్చును, తడిసిపోవచ్చును. అప్పుడు మనకు మిగులునది ఎదురింటి గుమ్మము. ఆ గుమ్మము తెరచియుండవలెనన్నచో మన గుమ్మమును వారికి తెరచియుండవలెను. పరభాషాసీమలో స్థిరపడిన మనవంటివారికి ఇది నీతి మాత్రమే కాదు, బ్రదుకుతెరువు. అందువలననే మా సంచిలో అగ్గిపెట్టెలను, లైటర్లను, మైనపువత్తులను రెండేసి చొప్పున ఉంచితిమి.

ఉగాది మనకును కన్నడిగులకును ఒకే దినమున వచ్చు పండుగ. వానకాలమునకు అది రెండు మూడు నెలల ముందు. ఆనాడు పాత పంచాంగము తీసి క్రొత్తది పెట్టునప్పుడు ఈ సంచిని కూడ దింపి, పాత పుల్లలను వాడుకలోనికి తీసికొని క్రొత్తవి ఉంచుడని మన సంఘ కుటుంబములను కోరుచున్నాను. పిల్లలచేత ఒకసారి నిప్పుకడ్డీ గీయింపుడు. బేవు బెల్ల పంచుటకు ఎదురింటివారు వచ్చినప్పుడు, మన సంచి ఏ అరలోనున్నదో వారికిని చూపుడు.