హీటర్ లేని రూమ్, తొమ్మిది డిగ్రీల రాత్రి

డిసెంబర్ వచ్చిందంటే మా పటాన్‌చెరు పేరు రోజూ వార్తల్లో ఉంటుంది. రాష్ట్రంలో అత్యల్ప ఉష్ణోగ్రతల లిస్టు చూడండి, ఆదిలాబాద్ పక్కనో కిందనో మేమే. ఆ పక్కనే కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం. అన్నీ సంగారెడ్డి జిల్లావే. సిటీలో ఉండే ఫ్రెండ్స్‌కి మాత్రం నమ్మకం కుదరదు. ‘అరే, మెట్రో దిగి గంటలో వచ్చే ఊర్ల అంత చలేంది?’ అంటారు.

ఒక రాత్రి వచ్చి పడుకుంటే తెలుస్తుంది. బేగంపేటలో నమోదయ్యే దానికంటే మా దగ్గర చాలా రోజులు మూడు నాలుగు డిగ్రీలు తక్కువే ఉంటుంది. సిటీలో పగలంతా కాగిన సిమెంటు, తారు రాత్రికి ఆ వేడిని వదులుతాయి. ఇక్కడ ఇక్రిశాట్ పొలాలు, చెరువులు, ఖాళీ నేలలు. మబ్బు లేని రాత్రి నేల తన వేడినంతా ఆకాశానికి వదిలేస్తుంది. పైగా మేమున్నది సముద్రమట్టానికి 545 మీటర్ల ఎత్తున. జహీరాబాద్ చేరేసరికి అది 600 దాటుతుంది.

నేను పాశమైలారంలో ఒక కంపెనీ క్వాలిటీ సెక్షన్‌లో పనిచేస్తా. ఉండేది ఇస్నాపూర్‌లో రేకుల రూమ్. ఒక లైన్‌కి పది రూములు, చివర్న రెండు బాత్రూములు. మా లైన్‌లో ఒడిశా వాళ్లు, బిహార్ వాళ్లు, శ్రీకాకుళం తమ్ముడొకడు, నారాయణఖేడ్ అన్న ఒకరు. ఇక్కడ నైట్ షిఫ్ట్ పొద్దున ఆరుకి వదుల్తారు. చలికాలంలో సూర్యుడు రాకముందు ఆ గంటే అన్నిటికన్నా చల్లన. రాత్రంతా బాయిలర్ దగ్గర చెమటలు కక్కినవాడు అదే తడి బనీనుతో బైక్ మీద హైవే ఎక్కుతాడు. మా లైన్‌లో జలుబు సగం అట్లా వచ్చిందే అని నా అనుమానం. గేటు దాటకముందే పొడి బనీను మార్చుకోవడం, చొక్కా లోపల ఛాతీ మీద ఒక న్యూస్‌పేపర్ మడిచి పెట్టుకోవడం ఒడిశా అన్న నేర్పాడు. పేపర్ గాలిని ఆపుతుంది. ఖర్చు సున్నా.

ఇక రూమ్ సంగతి. రేకు చాలా విచిత్రమైన వస్తువు. మేలో పెనం, జనవరిలో ఫ్రిజ్. రాత్రి అది ఆకాశానికి వేడి వదిలి, చుట్టూ ఉన్న గాలి కంటే కూడా చల్లబడుతుంది. లోపల నలుగురం పడుకుంటే మా ఊపిరిలోని తేమ పోయి ఆ రేకుకే పట్టుకుంటుంది. తెల్లవారుజామున నాలుగింటికి ముఖం మీద టప్‌మని చుక్క పడుతుంది. బయట వాన అనుకుని ఉలిక్కిపడి లేచేవాళ్లు మా లైన్‌లో ఇప్పటికీ ఉన్నారు.

దీనికి మందు ఫ్లెక్సీ. నవ్వకండి. ఎవరో నాయకుడి పుట్టినరోజుకి కట్టిన పెద్ద ఫ్లెక్సీని, పండగ అయిపోయాక అడిగి తెచ్చుకుని రేకు కింద జానెడు ఎడం వదిలి తాళ్లతో కడతారు. రేకుకీ ఫ్లెక్సీకీ మధ్య గాలి ఆగుతుంది. ఒంటి వేడి నేరుగా రేకుకి పోదు, చుక్క ముఖం మీద పడదు. మా రూమ్‌లో అయితే పడుకుని పైకి చూస్తే ఒక పెద్దాయన చేతులు జోడించి నమస్కారం పెడుతూ ఉంటాడు. మొదటి వారం ఇబ్బందిగా ఉంటుంది, తర్వాత పట్టించుకోం.

హీటర్ కొనొచ్చుగా అంటారా? లెక్క వేద్దాం. 2,000 వాట్ల హీటర్ రాత్రికి 4 గంటలు వేస్తే 8 యూనిట్లు. నెలకు 240. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద జీరో బిల్లు వచ్చేది 200 యూనిట్ల లోపు వాడితేనే. అంటే ఫ్యాను, లైటు, ఫోన్ ఛార్జింగ్ లెక్కే వేయకుండా ఒక్క హీటరే ఆ గీత దాటించేస్తుంది. రేషన్ కార్డు లేని వలస కార్మికులకు ఆ జీరో బిల్లు ఎలాగూ లేదు. ఓనర్ సబ్‌మీటర్ పెట్టి యూనిట్‌కి ఎంత చెబితే అంత. పైగా మా లైన్ వైరింగ్‌కి నీళ్ల రాడ్డు పెడితేనే బల్బు మసకబారుతుంది. ఇంత చేసీ ఆ వేడి ఎక్కడికి పోతుంది? పైకి, రేకుకి, అక్కణ్నుంచి ఆకాశానికి.

అందుకే మా లైన్‌లో ఎవరూ రూమ్‌ని వెచ్చబెట్టాలని చూడరు, మనిషిని చూసుకుంటారు. జపాన్‌లో కొటాట్సు అని ఒకటి ఉంది. పొట్టి బల్ల కింద చిన్న హీటర్, బల్ల మీంచి బొంత. కాళ్లు లోపల పెట్టుకుని ఇంటిల్లిపాదీ కూర్చుంటారు. గది చల్లగానే ఉంటుంది, మనుషులు వెచ్చగా ఉంటారు. పడుకున్న మనిషి ఒంటి నుంచే 70, 80 వాట్ల వేడి వస్తుంది. దాన్ని పోనివ్వకుంటే చాలు. చాలామంది పైన రెండు రగ్గులు కప్పుకుని కింద సిమెంటు నేల మీద పల్చటి చాప వేసుకుంటారు. అసలు దొంగ ఆ నేలే. స్క్రాప్ దుకాణంలో ప్యాకింగ్ అట్టపెట్టెలు కిలోల లెక్కన దొరుకుతాయి. వాటిని విప్పి మూడు నాలుగు పొరలు పరిచి, పైన పాత చీరల బొంత వేస్తే నేల చలి నడుముకి రాదు. కప్పుకోవడానికి సోలాపూర్ దుప్పట్లు రెండు, ఒకదాని మీద ఒకటి. మధ్యలో చిక్కుకున్న గాలే వెచ్చదనం. తలకి మంకీ క్యాప్. ఫొటోలో బాగుండదు, ఫొటో తీయనివ్వకండి.

ఇప్పుడు అసలు భయపడాల్సిన సంగతి. రేకుకీ గోడకీ మధ్య సందు ఉంటుంది కదా, చలి తట్టుకోలేక అందరూ అక్కడ పాలిథిన్ కవర్లు, గోనె సంచులు కుక్కుతారు. మంచి పనే, గాలి కోత తగ్గుతుంది. ఇంకోపక్క, మన కుంపటి లాంటిదే బిహార్ వాళ్లకి బోర్సీ అని ఉంది. మట్టి మూకుడులో నిప్పులు. వాళ్ల ఊళ్లో పెంకుటింట్లో, వసారాలో దాని చుట్టూ కూర్చుని కబుర్లు చెప్పుకుంటారు. పెంకుల సందుల్లోంచి పొగ పోతుంది. అదే బోర్సీని సందులన్నీ మూసేసిన రేకుల రూమ్‌లో పెట్టి, తలుపు గడియ వేసి పడుకుంటే లోపల కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. పొగ కనపడని ఎర్రటి బొగ్గులు ఇంకా మోసం చేస్తాయి. రక్తంలో ఆక్సిజన్‌ని మోసే హిమోగ్లోబిన్‌కి అది ఆక్సిజన్ కంటే 200 రెట్లు గట్టిగా అతుక్కుంటుంది. తలనొప్పి, వాంతి వచ్చినట్టు ఉండటం, మత్తు. షిఫ్ట్ చేసి అలిసిపోయినవాడు అది నిద్రే అనుకుంటాడు. చలికాలంలో ఏదో ఒక ఊరి నుంచి ఇలాంటి వార్త రాకుండా ఉండదు.

మా లైన్‌లో ఖేడ్ అన్న రూల్ పెట్టాడు. ‘మంట ఉంటే బయట, మనం ఉంటే లోపల. రెండూ ఒక్క తాన ఉండొద్దు.’ గ్యాస్ పొయ్యి వెలిగించి గది వెచ్చబెట్టడం కూడా అంతే, వద్దు. వంట అయ్యేదాకా తలుపు తెరిచే ఉంచుతాం. పడుకునే ముందు నీళ్లు కాచి, పాత స్టీలు వాటర్ బాటిల్‌లో పోసి, మూత గట్టిగా బిగించి, లుంగీలో చుట్టి కాళ్ల దగ్గర పెట్టుకుంటాం. గంటన్నర సుఖం. ఈలోపు నిద్ర పట్టేస్తుంది.

పోయిన జనవరిలో వీక్లీ ఆఫ్ రోజు ఖేడ్ అన్నతో బైక్ మీద కోహీర్ దాకా పోయా. ‘ఫస్ట్ ర్యాంక్ ఊరిని చూడాలె గదా’ అన్నాడు. సంగారెడ్డి, సదాశివపేట దాటాక ఫ్యాక్టరీ గొట్టాలు తగ్గి ఎర్రమట్టి చేలు మొదలవుతాయి. శనగ చేల మీద మంచు ముత్యాల్లా పడి ఉంది. మనల్ని వణికించే ఈ చలే ఆ పంటకి బలం. కోహీర్‌లో జామకాయలు కొన్నాం. ఊళ్లో పాత మట్టి మిద్దె ఒకటి కనబడితే లోపలికి పిలిచి కూర్చోబెట్టారు. మూరెడు మందం గోడలు, చిన్న కిటికీ. బయట గాలికి చెవులు మండుతుంటే లోపల ఒంటి మీద స్వెటర్ బరువనిపించింది. పగటి ఎండని ఆ గోడ దాచుకుని రాత్రంతా నిదానంగా వదుల్తుంది. ఆ ఇంటి పెద్దవ్వ ‘మా కొడుకు ఇది కూలగొట్టి స్లాబ్ ఏస్తడంట’ అంది సంతోషంగా. ఆమెకి వానాకాలం ఉరిసే మిద్దె బాధ తెలుసు, నాకు తెలియదు. ఏమీ అనలేదు.

తిరుగు దారిలో ఒక చోట గొంగళ్లు అమ్ముతుంటే ఆగాం. నల్ల గొర్రె ఉన్ని, చేతి నేత, చింతగింజల గంజి పట్టించి బిగువుగా ఉంది. చేత్తో తడిమితే గరుకు. కుర్మోళ్లు ఎండకీ వానకీ చలికీ ఒకే గొంగడితో కాలం గడిపేది ఇందుకే అని అన్న చెప్పాడు. మిల్లు రగ్గు దీనిలో సగం ధరకి కూడా రాదా అని నేను బేరం మొదలుపెడితే, అమ్మే తాత అసలు తగ్గలేదు. చివరికి అన్న, నేను చెరి సగం వేసుకుని ఒకటే కొన్నాం. నా షిఫ్ట్ పగలు, అన్నది రాత్రి కాబట్టి పంచుకోవడానికి గొడవ లేదు.

డబ్బులు లెక్కపెట్టుకుంటూ తాత అన్నాడు, ‘ఒక నెల గొర్రె వాసనొస్తది బిడ్డా. తర్వాత నీకే వస్తది, ఇగ తెల్వదు.’