తుంగభద్ర పందొమ్మిదవ తలుపు

బళ్ళారిలో స్థిరపడిన మన తెలుగు కుటుంబాలకు హోస్పేట ఆనకట్ట కొత్తది కాదు. 2021లో హోస్పేట విజయనగర జిల్లాలోకి వెళ్ళినా, ఇంటికి వచ్చిన చుట్టాలను అక్కడికి తీసుకువెళ్ళడం మనం మానుకోలేదు. 2024లో దసరా వెళ్ళాక మేమూ వెళ్ళాము. ఈసారి తోట చూడాలని కాదు, ఒక తలుపు చూడాలని.

కారణం మనవి చేస్తాము. ఆ యేడు ఆగస్టు 10వ తేదీ శనివారం రాత్రి, జలాశయం నిండుగా వున్న సమయంలో, పందొమ్మిదవ గేటు గొలుసు తెగింది. గేటు కొట్టుకుపోయింది. మరునాడు పొద్దున్నే సిరుగుప్ప దగ్గర క్యాంపు నుంచి మా బాబాయిగారి అబ్బాయి ఫోను చేశాడు.

"అన్నయ్యా, నాట్లు వేసి వారం కాలేదు. ఇప్పుడు ఏరు పొంగుతుందంటున్నారు, తరువాత కాలువ ఎండుతుందంటున్నారు. దేనికని భయపడమంటావు?" అన్నాడు.

మేము జవాబు చెప్పలేకపోయాము. బాబాయిగారు కోస్తాలో పొలం అమ్ముకొని, ఈ కాలువను నమ్ముకొనే ఇక్కడికి వచ్చారు.

పల్లెలో చెరువు ఎరిగినవారికి యీ సంగతి వేరే చెప్పనక్కరలేదు. కట్ట ఎంత గట్టిదైనా, మిగులు నీరు పోయే మరువ సరిగా లేకపోతే ఆ చెరువుకు భద్రం లేదు. తుంగభద్రకు మరువ అంటే యీ 33 గేట్లే. ఒక్కొక్కటి 60 అడుగుల వెడల్పు, 20 అడుగుల ఎత్తు. 1953లో కాలువలకు నీరు వదిలిన ఆనకట్ట ఇది. ఆ యేడే బళ్ళారి మైసూరులో చేరింది. ఆలూరు, ఆదోని, రాయదుర్గం ఆంధ్రకు వెళ్ళాయి. రాష్ట్రాలు వేరైనా నీరు ఒక్కటే: ఎగువ కాలువ అనంతపురానికి, దిగువ కాలువ కర్నూలు సీమకు, ఎడమ కాలువ రాయచూరు వైపుకు.

గేటు పోయిన చోట ఏం చేయాలి? జలాశయం దిగేదాకా ఆగితే పంట దక్కదు. అనుభవజ్ఞులైన తెలుగు ఇంజనీరు కన్నయ్య నాయుడుగారి ఆధ్వర్యంలో, పారే నీటిలోనే నాలుగేసి అడుగుల ఎత్తు వుక్కు పలకలు అయిదు ఒకదానిపై ఒకటి దించారు. ఆగస్టు 16న మొదటిది దిగింది, మరునాటికి అయిదూ నిలిచాయి. సుమారు 70 టి.యం.సి.ల నీరు దక్కింది. సెప్టెంబరులో వానలు కురిసి జలాశయం మళ్ళీ నిండింది.

మేము వెళ్ళినప్పుడు పిల్లలు గేట్లను లెక్కపెట్టి పందొమ్మిదవది చూపించారు. అంత పొడవు ఆనకట్టలో అది చిన్న అతుకులాగే కనబడింది. దాని వెనుక మా తమ్ముడి పొలమంతా వున్నట్లు తోచింది.

కథ అంతటితో ముగియలేదు. మిగిలిన గేట్లూ అదే వయసువి. 2025లో జాగ్రత్త కోసం నీటిని 80 టి.యం.సి.ల దగ్గరే ఆపారు. అన్ని గేట్లూ మార్చాలని, అందుకోసం రెండవ పంటకు నీరు వదలరాదని ఆ సంవత్సరం చివర నిర్ణయించారు. తమ్ముడికి అది చేదుగానే వుంది.

"మరువ బాగుచేయాలంటే చెరువు దించక తప్పదు కదా, అన్నయ్యా! ఒక పంట పోయినా కట్ట వుంటుంది. కాని పాలు కౌలుకు చేసేవాడికి ఆ పంట ఎవరిస్తారు?" అన్నాడు.

అతడి ప్రశ్న న్యాయమైనదే. బాగుచేసిన లాభం అందరిదీ అయినప్పుడు నష్టం కూడా అందరూ పంచుకోవాలి. పాఠకులలో సొంత వూరిలో చెరువో కుంటో వున్నవారికి మా మనవి ఒక్కటే: మృగశిర కార్తె రాకముందే ఒకసారి వెళ్ళి మరువ చూసిరండి. నీళ్ళు నిండాక చేసే పనికన్నా, అప్పుడు చేసే పని తేలిక.